పక్కన నిలబడి తప్పు చూపే 150 గంటలు

పక్షవాతం వచ్చిన మనిషికి మొదటి వారం కాలు కదలదు. మూడో నెలకల్లా గోడ పట్టుకుని నడుస్తాడు. ఈ మధ్యలో ఎవరు చెయ్యి వేస్తే పేరు వాళ్లకు దక్కుతుంది. ఫిజియోథెరపిస్టు వ్యాయామాలు చేయిస్తే ఆయన హస్తవాసి మంచిదంటారు, పావురం రక్తం రుద్దిస్తే ఆ రక్తం మహిమ అంటారు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో దాదాపు 1,200 మంది స్ట్రోక్ పేషెంట్లను గమనించి 1995లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 95 మంది తాము చేరుకోగలిగిన మెరుగైన స్థితికి 13 వారాల లోపే చేరుకున్నారని అందులో తేలింది. నెదర్లాండ్స్ పరిశోధకుడు క్వాకెల్ బృందం 2006లో ఇంకో లెక్క తీసింది. తొలి వారాల్లో కనిపించే మెరుగుదలలో 16 నుంచి 42 శాతం దాకా కేవలం కాలం గడవడం వల్ల, అంటే మెదడు తనంతట తాను కోలుకోవడం వల్ల వచ్చిందేనని చెప్పింది. థెరపిస్టు తన చికిత్స ఫలితాన్ని చూస్తున్నాననుకుంటూ, నిజానికి చాలాసార్లు కాలం చేసిన పనిని చూస్తుంటాడు. నరాల పునరావాసంలో స్థిరపడాలనుకునే ఫిజియోథెరపీ విద్యార్థి అమెరికాలోని రెసిడెన్సీ శిక్షణ గురించి ఆలోచించాల్సింది ఈ చిక్కు దగ్గర నుంచే. పేరు చివర చేరే అక్షరాలు, జీతం, వీసా అన్నీ దాని తర్వాతి మాటలు.

ఏ వృత్తిలోనైనా పదేళ్లు చేస్తే పని అదే వస్తుందని మనవాళ్ల నమ్మకం. చేసినదానికి ఫలితం వెంటనే, స్పష్టంగా కనిపించే పనుల్లో అది నిజమే. మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాసిన వ్యాసం తేల్చింది కూడా దాదాపు ఇదే: పరిస్థితుల్లో ఒక క్రమం ఉండి, తప్పొప్పులు త్వరగా తెలిసే చోటే అనుభవం మీద పుట్టిన అంతర్దృష్టిని నమ్మవచ్చు. నరాల జబ్బుల్లో ఆ రెండూ బలహీనమే. ఒకే చోట రక్తనాళం మూసుకుపోయిన ఇద్దరు పేషెంట్లు ఒకేలా కోలుకోరు. ఈ రోజు చేయించిన సాధన ఫలించిందో లేదో తెలిసేది వారాల తర్వాత, అప్పటికి పేషెంటు డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. పార్కిన్సన్స్ పేషెంటు ఇవాళ బాగా నడిచాడంటే అది థెరపీ ఘనత కావచ్చు, అరగంట ముందు వేసుకున్న లెవోడోపా మాత్ర ఘనత కావచ్చు. ఇలాంటి చోట అనుభవం పెరిగేకొద్దీ నైపుణ్యం పెరగకపోయినా ధీమా మాత్రం తప్పకుండా పెరుగుతుంది. 2003లో రెస్నిక్, జెన్సెన్ అనే పరిశోధకులు పేషెంట్ల ఫలితాల ఆధారంగా నిపుణులైన ఫిజికల్ థెరపిస్టులనూ సగటువారినీ వేరుచేసి పరిశీలిస్తే, వారి మధ్య తేడాను సర్వీసు సంవత్సరాలు వివరించలేకపోయాయి. డాక్టర్ల మీద 2005లో చౌధరి బృందం 62 అధ్యయనాలను సమీక్షించినప్పుడైతే వాటిలో సగానికి పైగా సీనియారిటీ పెరిగేకొద్దీ పనితీరు తగ్గిందని చూపాయి. అనుభవం వృథా అని చెప్పే లెక్కలు కావివి. దాన్ని ఎవరో ఒకరు పక్కన ఉండి సరిదిద్దకపోతే అది పాఠంగా మారదని చెప్పే లెక్కలు.

రెసిడెన్సీ అనేది ఆ సరిదిద్దే పనిని ఏర్పాటు చేసి, గంటల్లో కొలిచి, కాగితం మీద పెట్టిన పద్ధతి. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు కావాలంటే ఇప్పుడు డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, అంటే డీపీటీ చదవాలి, జాతీయ పరీక్ష రాసి రాష్ట్ర లైసెన్సు పొందాలి. ఆ లైసెన్సు చేతికొస్తే మోకాలి నొప్పి నుంచి వెన్నుపాము గాయం దాకా ఎవరికైనా చికిత్స చేయవచ్చు. డాక్టర్ల మాదిరిగా ఇక్కడ రెసిడెన్సీ తప్పనిసరి కాదు, ఇష్టపడి ఎంచుకునేది. అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ ప్రతినిధుల సభ స్పెషలైజేషన్‌కు 1978లో ఆమోదం తెలిపింది. న్యూరాలజీలో తొలి సర్టిఫికెట్లు 1987లో వచ్చాయి. ఇప్పుడు గుండె-ఊపిరితిత్తుల నుంచి గాయాల సంరక్షణ దాకా 10 స్పెషాలిటీలు ఉన్నాయి. రెసిడెన్సీలకు గుర్తింపు ఇచ్చే బోర్డు పెట్టిన కనీస ప్రమాణం 1,800 గంటలు: అందులో 1,500 గంటలు పేషెంట్లతో, 300 గంటలు చదువుకు. ఈ మొత్తంలో కనీసం 150 గంటలు మెంటార్ రెసిడెంటుకు నేరుగా, ఒకరికొకరుగా కేటాయించాలి. వాటిలో ఎక్కువ భాగం పేషెంటు ఎదురుగా, చికిత్స నడుస్తున్నప్పుడే సాగాలి. సాధారణంగా ఏడాది, ఏడాదికి కాస్త పైన పట్టే శిక్షణ ఇది. చికాగోలోని షిర్లీ రయన్ ఎబిలిటీ ల్యాబ్, లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటి చోట్ల న్యూరాలజీ రెసిడెన్సీలు ఉన్నాయి. శిక్షణ పూర్తయ్యాక స్పెషలిస్టు బోర్డు పరీక్ష పాసైతే న్యూరాలజిక్ క్లినికల్ స్పెషలిస్ట్, పొట్టిగా ఎన్‌సీఎస్ హోదా వస్తుంది.

ఆ 1,800లో ముఖ్యమైన అంకె 150. మిగతా గంటలు ఏ ఆస్పత్రి ఉద్యోగంలోనైనా, ఏ ఆన్‌లైన్ కోర్సులోనైనా దొరుకుతాయి. ఆ 150 గంటల్లో జరిగేది ఏమిటో కొంచెం వివరంగా చూడాలి. పక్షవాతం తర్వాత నడుస్తున్న పేషెంటు బలహీనమైన కాలిని సున్నా చుట్టినట్టు పక్కకు తిప్పి వేస్తున్నాడు. తొడను ముందుకు లేపే కండరం బలహీనమైందా, పిక్క బిగుసుకుపోయి పాదం కిందికి జారుతోందా, మోకాలు మడవాల్సిన క్షణంలో మడవడం లేదా, పాదం నేలను తాకిందో లేదో స్పర్శ తెలియడం లేదా, లేక పడిపోతానన్న భయమా? పైకి కనిపించే నడక ఒకటే, కారణాలు అయిదు. ఒక్కోదానికి చికిత్స వేరు. కొత్త థెరపిస్టు తనకు బాగా వచ్చిన చికిత్సకు సరిపోయే కారణాన్ని పట్టుకుంటాడు, ఇది సహజం. మెంటార్ అక్కడ ఆపి అడుగుతారు: ఈ అయిదింటిలో నాలుగింటిని ఏ పరీక్షతో కొట్టేశావు? నువ్వు అనుకున్నది తప్పయితే ఎన్ని రోజుల్లో, దేన్ని చూసి తెలుసుకుంటావు? ఈ రెండో ప్రశ్న అసలుది. ఒంటరిగా పనిచేసే థెరపిస్టుకు ఈ ప్రశ్న వేసేవాళ్లు ఉండరు, రోజుకు పదిమందికి పైగా పేషెంట్లను చూడాల్సిన ఉద్యోగంలో తనకు తాను వేసుకునే తీరికా ఉండదు.

అరుదుగా ఎదురై, గుర్తుపట్టకపోతే ప్రమాదమయ్యేవి ఇంకా ఉన్నాయి. పక్షవాతం వచ్చిన వైపుకే ఒరిగిపోతూ, నిటారుగా కూర్చోబెట్టబోతే బాగున్న చేత్తో ఎదురు తోసే పేషెంట్లు కొందరుంటారు. నిటారు అంటే ఏదో వాళ్ల మెదడుకు తప్పుగా అందుతోందని తెలియని థెరపిస్టు వాళ్లను మరింత గట్టిగా అటు నెడతాడు, వాళ్లు మరింత గట్టిగా ఇటు తోస్తారు. ఛాతీ ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ అంతకు పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి మూత్రం గొట్టం మడతపడినంత మాత్రాన రక్తపోటు ఒక్కసారిగా ప్రాణాపాయ స్థాయికి ఎగబాకవచ్చు. వెంటనే కూర్చోబెట్టి, గొట్టం సరిచేయాలని పుస్తకంలో చదివిన వాళ్లందరికీ తెలుసు. తలనొప్పి, చెమటలు అంటున్న పేషెంటును చూసి ఆ క్షణంలో అది స్ఫురించడం వేరే విద్య. తల తిరుగుతోందని వచ్చిన పేషెంటుకు చెవి లోపలి స్ఫటికాలు జారాయా, లేక చిన్నమెదడులో స్ట్రోక్ వచ్చిందా అన్నది కళ్ల కదలికను బట్టి అనుమానించగలగాలి. మొదటిదైతే తలను ఒక పద్ధతిలో తిప్పితే నిమిషాల్లో తగ్గవచ్చు, రెండోదైతే ఎమర్జెన్సీకి పంపాలి. సంగీతం నేర్చుకునేవాడికి స్వరం ఎక్కడ జారిందో గురువు చెవికి తెలిసినట్టే, ఇలాంటి చోట్ల తప్పు జరుగుతున్నప్పుడే పట్టుకునే కన్ను పక్కన ఉండాలి.

ఇలా సరిదిద్దేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చూపే లెక్క ఒకటుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథరీన్ లాంగ్ బృందం స్ట్రోక్ పేషెంట్ల థెరపీ సెషన్లు 312 గమనించి 2009లో ప్రచురించింది. చేతికి సంబంధించిన పనికొచ్చే కదలికలు ఒక సెషన్‌లో సగటున 32 సార్లే చేయించారు, నడక 357 అడుగులు. మెదడులో కొత్త దారులు ఏర్పడటానికి జంతువులపై ప్రయోగాల్లో రోజూ వందల పునరావృతాలు అవసరమయ్యాయి. ఆ థెరపిస్టులు సోమరులు కారు. మాట్లాడటం, పడుకోబెట్టడం, లేపడం, సాగదీయడం, మధ్యలో విశ్రాంతి, వీటితో గంట నిండిపోతుంది. అందరూ కష్టపడ్డామనే అనుకుంటారు. ఎవరో పక్కన కూర్చుని లెక్కపెట్టేదాకా 32 అన్న అంకె బయటపడదు.

ఎక్కువ చేయిస్తే చాలు అనుకోవడానికీ లేదు. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే పేషెంటును లేపి తరచుగా, ఎక్కువగా నడిపిస్తే మంచిదని తర్కం చెప్పింది. 2,104 మందితో జరిపి 2015లో ప్రచురించిన ఆవర్ట్ ప్రయోగంలో అలా చేసిన బృందంలో 46 శాతం, మామూలు సంరక్షణ బృందంలో 50 శాతం మంది మంచి స్థితికి చేరారు. అంటే తొందరపాటు నష్టం చేసింది. శరీర బరువును పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించే ఖరీదైన పద్ధతిని, ఇంటి దగ్గర థెరపిస్టు చేయించే మామూలు వ్యాయామాలను 408 మందిపై పోల్చిన లీప్స్ ప్రయోగం 2011లో రెండింటికీ తేడా లేదని తేల్చింది. 2020లో వచ్చిన నడక మార్గదర్శకాలు స్ట్రోక్ గానీ, మెదడుకు గాయం గానీ, పూర్తిగా తెగని వెన్నుపాము గాయం గానీ జరిగి ఆరు నెలలు దాటినవారికి గుండె వేగం బాగా పెరిగేంత గట్టి నడక సాధన చేయించమన్నాయి, రోబో సాయంతో నడిపించడాన్ని వద్దన్నాయి. ఆస్పత్రి ప్రకటనల్లో రోబో బొమ్మ చూసి అదే భవిష్యత్తు అనుకునే విద్యార్థులు ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదవడం మంచిది. ఈ రంగంలో పదేళ్ల కిందటి మంచి చికిత్స నేడు వద్దన్న చికిత్స కావచ్చు. దాన్ని వదిలేయాల్సిన సమయం వచ్చిందని చెప్పేది అనుభవం కాదు. చదివినదాన్ని పేషెంటు దగ్గరికి తెచ్చి, తన అలవాటును దాంతో తూకం వేసుకునే క్రమశిక్షణ చెబుతుంది. రెసిడెన్సీ నేర్పాల్సింది ఆ క్రమశిక్షణే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఎన్‌సీఎస్ పరీక్ష రాయడానికి రెసిడెన్సీ ఒక్కటే దారి కాదు. అమెరికా లైసెన్సుతో గత పదేళ్లలో 2,000 గంటలు నరాల పేషెంట్లకు నేరుగా చికిత్స చేసి, అందులో నాలుగో వంతు చివరి మూడేళ్లలో ఉంటే అదే పరీక్ష, అదే హోదా. పూర్తి జీతం తీసుకుంటూ సంపాదించగల దాన్ని కోత జీతంతో ఎందుకు సంపాదించాలి? హోదా కోసమే అయితే నిజంగానే అక్కర్లేదు. పునరావాస ఆస్పత్రిలో ఉద్యోగం దొరికి, అక్కడ నలుగురైదుగురు ఎన్‌సీఎస్‌లు ఉండి, వాళ్లు కేసులు చర్చించే అలవాటున్న వాళ్లయితే 2,000 గంటల దారి చక్కటి దారి. కానీ ఆ 2,000 గంటలు ఎలా గడిచాయని ఎవరూ అడగరు. పరీక్షలో ఉండేవి బహుళైచ్ఛిక ప్రశ్నలు, చేతి పని కాదు. ఒకే తప్పును 2,000 గంటలు చేసి, పుస్తకం బాగా చదివి పాసవడం సాధ్యమే. హోదా రెండు దారుల్లోనూ ఒకటే, దాని వెనక ఉన్నది మాత్రం ఒకటి కానక్కర్లేదు.

రెండోది డబ్బు. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2024 మేలో ఫిజికల్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక జీతం 1,01,020 డాలర్లు. రెసిడెంటుకు చాలాచోట్ల ఇంతకంటే తక్కువ ఇస్తారు, కొన్నిచోట్ల పైపెచ్చు ఫీజు కట్టించుకుంటారు. డాక్టర్ల రెసిడెన్సీకి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నుంచి వచ్చే భారీ నిధుల్లాంటి దన్ను ఫిజికల్ థెరపీ రెసిడెన్సీలకు లేదు, మెంటార్ సమయం ఖరీదు ప్రధానంగా ఆస్పత్రే భరించాలి. డీపీటీ చదివినవారికి లక్ష డాలర్లు దాటిన విద్యారుణం అరుదు కాదు కాబట్టి ఏడాది కోత చిన్న విషయం కాదు. పైగా ఎన్‌సీఎస్ వచ్చాక జీతం కచ్చితంగా పెరుగుతుందన్న హామీ లేదు, ఎందుకంటే బీమా సంస్థలు సాధారణంగా స్పెషలిస్టు చేసిన గంటకూ మామూలు థెరపిస్టు చేసిన గంటకూ ఒకే రేటు కడతాయి. దీన్ని పెట్టుబడి లెక్కగా చూస్తే చాలామందికి గిట్టుబాటు కాదు, ఆ మాట దాచడం అన్యాయం. గిట్టేది డీపీటీ కోర్సులో పాఠాలు చెప్పాలనుకునేవారికి, పెద్ద ఆస్పత్రిలో న్యూరో ప్రోగ్రాం నడపాలనుకునేవారికి, పరిశోధన వైపు వెళ్లేవారికి. రుణం ఒత్తిడిలో ఉండి, నరాల విభాగమే కావాలన్న పట్టుదల లేని వాళ్లు ముందు ఉద్యోగంలో చేరి రెండేళ్లు చూడటమే మేలు.

మూడో అభ్యంతరం పండితులది, నా వాదానికి అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది. రెసిడెన్సీ చేసినవారి పేషెంట్లు నిజంగా బాగా కోలుకుంటున్నారా? రోడెఘెరో బృందం 2015లో ఎముకలు, కీళ్ల సమస్యలున్న పేషెంట్ల ఫలితాలను పోల్చింది. రెసిడెన్సీ తర్వాత మరింత లోతైన ఫెలోషిప్ చేసినవారి పేషెంట్లకు మెరుగైన ఫలితాలు కనిపించాయి గానీ, రెసిడెన్సీ వరకే చేసినవారికి మిగతావారిపై ఆధిక్యం కనిపించలేదు. దీన్ని పక్కన పెట్టేయడం కుదరదు. అయితే నడుము నొప్పి, భుజం నొప్పి చికిత్సలో ఫలితం రోజుల్లో, వారాల్లో తెలుస్తుంది, పేషెంటే చెబుతాడు. అనుభవమే బాగా పాఠం చెప్పగల రంగం అది. అలాంటి చోట ఏడాది పర్యవేక్షణ అదనంగా ఇచ్చేది తక్కువే కావడంలో ఆశ్చర్యం లేదు. ఫలితం మసకగా ఉండే నరాల రంగంలో పర్యవేక్షణ విలువ ఎక్కువగా ఉండాలన్నది నా అంచనా. అది అంచనాయే, నిరూపణ కాదు. ఇంకో మాట కూడా ఆ అధ్యయనమే చెబుతోంది: రెసిడెన్సీ అన్న బోర్డు తగిలించినంత మాత్రాన పేషెంటుకు ఒరిగేదేమీ లేకపోవచ్చు. ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారన్నది ప్రోగ్రాంను బట్టి మారుతుంది.

ఇక తెలుగు విద్యార్థుల సంగతి. విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనో, వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనో బీపీటీ చేసినవారు నేరుగా అమెరికా రెసిడెన్సీలో చేరలేరు. ముందు అక్కడి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. దానికి మన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని మదింపు కావాలి, ఇంగ్లిష్ పరీక్ష, జాతీయ పరీక్ష పాసవాలి. మన ఎంపీటీని గానీ ఇక్కడి అనుభవాన్ని గానీ రెసిడెన్సీకి బదులుగా లెక్కించరు. జాతీయ పరీక్షకు పాత ప్రశ్నలు ‘రీకాల్స్’ పేరిట అమ్మే కోచింగ్‌ల జోలికి పోవద్దు. 2010 జులైలో ఆ ప్రశ్నలు బయట తిరుగుతున్నాయన్న కారణంతోనే భారత్, పాకిస్థాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్టు కాలేజీల పట్టభద్రులందరికీ పరీక్షను ఆపేశారు. కొందరు చేసినదానికి నిజాయతీగా చదివినవాళ్లూ నష్టపోయారు. అక్కడే డీపీటీ చదివినవారికి ఇబ్బంది మరోలా ఉంటుంది. డీపీటీ స్టెమ్ కోర్సుల జాబితాలో లేదు కాబట్టి చదువు తర్వాత పనిచేసుకునే ఓపీటీ 12 నెలలే. రెసిడెన్సీ అందులో దాదాపుగా ఇమిడిపోతుంది, కానీ అది అయ్యేసరికి వీసా గడువూ అయిపోతుంది. విశ్వవిద్యాలయాలకు అనుబంధమైన ఆస్పత్రుల్లో చేరితే హెచ్1బీ లాటరీ బెడద సాధారణంగా ఉండదన్నది చాలామంది గమనించని విషయం. విదేశంలో ఉన్నవారికి కొత్తగా వేసే హెచ్1బీ దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు కాబట్టి, ఇక్కడి నుంచి నేరుగా వెళ్లాలనుకునేవారు తాజా నిబంధన చూసుకోకుండా ఎవరికీ డబ్బు కట్టవద్దు. ఫిజికల్ థెరపిస్టులు గ్రీన్‌కార్డుకు లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేని షెడ్యూల్ ఏ జాబితాలో ఉన్నారు, నిజమే. భారత్‌లో పుట్టినవారి క్యూ మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది.

వెళ్లలేనివాళ్లు, వెళ్లాలనుకోనివాళ్లు ఎక్కువమంది. వాళ్ల అవసరం ఇక్కడే ఎక్కువ కూడా. మన దేశంలో ఏటా పది లక్షలకు పైగా కొత్త స్ట్రోక్ కేసులు వస్తున్నాయి, పునరావాస మంచాలు మాత్రం నగరాలు దాటితే కనిపించవు. ఈ కొరతకు విరుగుడుగా ఇంటివాళ్లకే వ్యాయామాలు నేర్పి పంపితే చాలదా అన్న ప్రశ్నను మనదేశమే పరీక్షించింది. అటెండ్ పేరిట 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో నడిచి 2017లో లాన్సెట్‌లో వచ్చిన ప్రయోగంలో, కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చిన బృందంలోనూ ఇవ్వని బృందంలోనూ ఆరు నెలలకు మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి 47 శాతమే. కోడలో కొడుకో ప్రేమతో చేయించే వ్యాయామానికి విలువ లేదనడం లేదు. అది నైపుణ్యానికి ప్రత్యామ్నాయం అని మాత్రం తేలలేదు. ఆ నైపుణ్యానికి ఇక్కడ ఉన్న దారి రెండేళ్ల ఎంపీటీ న్యూరాలజీ. ఎంపీటీ ప్రధానంగా డిగ్రీ: సిద్ధాంత పరీక్షలు, థీసిస్, పోస్టింగులు. పర్యవేక్షణ ఎంత దొరుకుతుందన్నది కాలేజీని బట్టి, గైడును బట్టి ఉంటుంది. అందుకే న్యూరాలజీ, న్యూరోసర్జరీ విభాగాలు పెద్దగా ఉన్న నిమ్స్ లాంటి ఆస్పత్రితో ముడిపడిన సీటుకూ, నరాల పేషెంట్లే అరుదుగా వచ్చే కాలేజీ సీటుకూ డిగ్రీ ఒకటే అయినా చదువు ఒకటి కాదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీని తన పరిధిలోకి తెచ్చింది. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా లేదా అన్నదాని మీద నడిచిన రభసలో పదో వంతు శ్రద్ధ పర్యవేక్షణ గంటల మీద పెట్టి ఉంటే వృత్తికి ఎక్కువ మేలు జరిగేది.

రెసిడెన్సీ దొరకకపోయినా దాని గుండెకాయను కొంతవరకు ఇక్కడే అమర్చుకోవచ్చు. అమెరికాలోని న్యూరాలజిక్ ఫిజికల్ థెరపీ అకాడమీ 2018లో వయోజన నరాల పేషెంట్లందరికీ వాడదగిన ఆరు కొలతలు సూచించింది. బెర్గ్ బ్యాలెన్స్ స్కేలు, పది మీటర్ల నడక, ఆరు నిమిషాల నడక, కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టే సమయం, నడుస్తూ తల తిప్పడం వంటి పనులు చేయించే నడక పరీక్ష, పడిపోనన్న నమ్మకాన్ని అడిగే ప్రశ్నావళి. వీటికి ముఖ్యంగా కావాల్సింది టేపు, స్టాప్‌వాచ్, కుర్చీ, నడవడానికి ఒక వరండా. చేరిన రోజు కొలిచి, నాలుగు వారాలకు ఎంతకు వస్తుందో ముందే కాగితం మీద రాసుకుని, నాలుగు వారాలకు మళ్లీ కొలిచి రెండూ పక్కపక్కన పెట్టుకునే థెరపిస్టుకు తన అంచనా ఎక్కడ తప్పుతోందో ఆర్నెల్లలో అర్థమవుతుంది. పేషెంటు అనుమతితో నడకను ఫోన్లో తీసి, నెలకోసారి ఇంకో ఇద్దరు థెరపిస్టులతో కూర్చుని చూస్తే ఇంకా మంచిది. సీనియర్ ముందు జూనియర్ నోరు మెదపని మన ఆస్పత్రి సంస్కృతిలో ఈ చివరి పని అన్నిటికంటే కష్టం. అందుకే సాధ్యమైతే సమవయస్కులతో మొదలుపెట్టడం నయం.

అమెరికాలో దరఖాస్తు పెట్టగల స్థితిలో ఉన్నవారు బ్రోచర్లు చూసి ప్రోగ్రాంను ఎంచుకోవద్దు. బోర్డు గుర్తింపు ప్రస్తుతం ఉందా, ఇంకా రావాల్సి ఉందా అన్నది మొదట చూసుకోండి. స్ట్రోక్‌తో పాటు వెన్నుపాము, పార్కిన్సన్స్, తల తిరుగుడు కేసులు కూడా చూపిస్తారా, లేక ఒకే వార్డులో ఏడాది గడుస్తుందా తెలుసుకోండి. గత మూడు బ్యాచ్‌ల రెసిడెంట్లు ఇప్పుడు ఎక్కడున్నారో అడిగి, వీలైతే వాళ్లలో ఒకరితో మాట్లాడండి. ఇంటర్వ్యూ చివర మీకేమైనా ప్రశ్నలున్నాయా అన్నప్పుడు ఒక్కటి తప్పకుండా అడగండి: మెంటార్ నాతో పేషెంటు దగ్గర ఉండే గంటలు వారంలో ఏ రోజు, ఏ వేళకు కేటాయించారు, ఆ సమయంలో మెంటార్‌కు వేరే పేషెంట్లు ఉంటారా? షెడ్యూలు తెరిచి చూపించే చోట జీతం కాస్త తక్కువైనా చేరండి. ‘అవసరమైనప్పుడు ఎప్పుడైనా అడగొచ్చు’ అని నవ్వి ఊరుకునే చోట, దాని పేరు ఎంత పెద్దదైనా, మీరు చవకగా దొరికిన ఉద్యోగి మాత్రమే అవుతారు. అక్కడికి వెళ్లకండి.